మొట్టమొదటి క్రిస్మసు తాత: మూర పట్టణపు కాపరి నికొలాసు

చదువవలసిన వేదభాగములు: మత్తయి 6:1–4, అపొస్తలుల కార్యములు 27:1–8



గడచిన క్రిస్మసు దినములలో మా సంఘములోని ఒక పిల్లవాడు సండేస్కూలు ముగిసిన పిదప మాయొద్దకు వచ్చి ఒక ప్రశ్న వేసెను. గల్ఫు దేశమునుండి సెలవుకు వచ్చిన తన పిన్నియొక్క ఫోనులో వాడు ఒక అమెరికా టెలివిజను కథ చూచెనట. ఆ కథలోని క్రిస్మసు తాత తన పని ఇక కుమారునికి అప్పగింపవలెనని తలంచి వానికి ఆ పని నేర్పుచుండునట. ఇంతలో శతాబ్దముల క్రిందటి మరియొక క్రిస్మసు తాత తిరిగి వచ్చి, ఆ స్థానము నాదని పేచీ పెట్టునట. ఇదంతయు చెప్పి, అయ్యగారికి తెలిసినయెడల మొట్టమొదటి క్రిస్మసు తాత ఎవరో చెప్పుమని వాడు అడిగెను.

ఆ కథను డిస్నీ సంస్థవారు తీసిరి. 1994లో వారు ఒక చలనచిత్రము తీసిరి. అందులో ఒక సామాన్యుడు క్రిస్మసు తాత అంగీ తొడుగుకొనుటవలన తానే క్రిస్మసు తాతయగును. దాని వెంబడి మరి రెండు చిత్రములు వచ్చెను. 2022లో అదే టెలివిజను కథగా మొదలై, 2023 నవంబరులో రెండవ భాగము ఆరు ప్రకరణములుగా వెలువడెను. ఇంటిల్లిపాది కూర్చుండి చూచి నవ్వుకొనదగిన కల్పనయే గాని, అందులో చరిత్ర వెదకదగదు.

అయినను పిల్లవాని ప్రశ్న మంచి ప్రశ్న. మన పల్లెలలో క్రిస్మసు తాతను ఎరుగనివారు లేరు. కేరల్సు బృందముతో ఎర్రని అంగీ తొడిగి, దూదితో గడ్డము కట్టుకొని, కొబ్బరితోటల నడుమ గట్టుమీద నడచి వచ్చి ఇంటింట చాక్లెట్లు పంచు యౌవనస్థుని చూచి పిల్లలు కేకలు వేయుదురు. ఆ దూదిగడ్డము వెనుక నిజముగా జీవించిన ఒక దైవసేవకుడున్నాడు. ఆయన మనవలెనే ఒక సంఘమును కాచినవాడు. ఆయన సంగతి ఈ నెల మనము తెలిసికొందము.

మనము పరిశుద్ధులకు ప్రార్థనలు చేయువారము కాము. అయితే మనకు ముందు నడచిన నాయకులను జ్ఞాపకము చేసికొని, వారి విశ్వాసమును అనుసరింపుమని హెబ్రీ పత్రిక 13వ అధ్యాయము మనకు బోధించుచున్నది. ఆ భావముతోనే దీనిని వ్రాయుచున్నాము.

పుట్టిన ఊరు

నికొలాసు లుకియ దేశములోని పతర అను రేవు పట్టణమున సుమారు క్రీ.శ. 270లో పుట్టెనని చెప్పుదురు. అది నేటి టర్కీ దేశపు దక్షిణ సముద్రతీరము. బైబిలు చదువువారికి ఈ పేర్లు క్రొత్తవి కావు. పౌలు యెరూషలేమునకు పోవుచు పతరలో ఓడ మారినట్లు అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయములో చూతుము. తరువాత ఖైదీగా రోమాకు పోవునప్పుడు లుకియలోని మూర పట్టణమున ఆయనను అలెక్సంద్రియనుండి వచ్చిన ఓడలోనికి ఎక్కించిరి. తుపానులో ఆ ఓడను తేలిక చేయుటకు గోధుమలు సముద్రములో పారబోసినట్లు కూడ అదే అధ్యాయము చివర వ్రాయబడియున్నది. ఐగుప్తు గోధుమలు మోసికొనిపోవు ఓడలు మూర రేవులో ఆగుట ఆ కాలమున వాడుక. ఈ సంగతి గుర్తుంచుకొనుడి, ముందు మనకు అవసరమగును.

పౌలు ఆ రేవు దాటిపోయిన రెండు వందల యేండ్లకు నికొలాసు పుట్టెను. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో ఏడుగురిలో ఒకడుగా ఎన్నబడిన నీకొలాసు వేరు, ఈయన వేరు.

ఈయన తన చేతితో వ్రాసిన గ్రంథమేదియు మనకు చేరలేదు. ఈయన జీవితమును వివరముగా వ్రాసినది తొమ్మిదవ శతాబ్దపు సన్యాసియైన మిఖాయేలు. అనగా నాలుగైదు వందల యేండ్ల తరువాత. కావున ఇందులో కొంత సంఘములు నోటిమాటగా కాపాడుకొనిన జ్ఞాపకమని చదువరులు గ్రహింపవలెను.

ఆయన తల్లిదండ్రులు ధనవంతులు, దైవభక్తులు. ఆయన యౌవనమందుండగానే వారిద్దరును తెగులువలన మరణించిరి. ఆస్తియంతయు ఒక్కని చేతికి వచ్చెను. అట్టి ప్రాయములో అట్టి సొత్తు చేతపడినవారు ఎటు పోవుదురో మనకు తెలియును. నికొలాసు మాత్రము ధనవంతుడైన యౌవనస్థునితో ప్రభువు చెప్పిన మాటను తనతో చెప్పిన మాటగా తీసికొని, తన ఆస్తిని బీదలకు పంచుటకు నిశ్చయించుకొనెను.

మూడు రాత్రులు

ఆ పట్టణములో ఒకప్పుడు బాగుగా బ్రతికి, పిమ్మట చితికిపోయిన ఒక మనుష్యుడుండెను. అతనికి పెండ్లికి ఎదిగిన ముగ్గురు కుమార్తెలు. కట్నము లేనిదే పిల్లను ఎవరును చేసికొనరు. అప్పు పుట్టదు, అమ్ముటకు ఏమియు మిగులలేదు. చివరకు ఆ తండ్రి, పిల్లలను పడుపువృత్తిలోనికి పంపుట తప్ప మార్గము లేదను ఆలోచనకు దిగజారెను.

ఈ సంగతి నికొలాసు చెవిని పడెను. ఆయన ఆ తండ్రిని పిలిపింపలేదు, నలుగురిలో కూర్చుండబెట్టి బుద్ధిచెప్పలేదు. చీకటి పడిన తరువాత ఒక సంచిలో బంగారు నాణెములు మూటకట్టి, ఆ ఇంటి కిటికీలోనుండి లోపలికి విసరి, ఎవరును చూడకముందే వెళ్లిపోయెను. ఉదయమున తండ్రి ఆ మూట చూచి దేవుని స్తుతించి పెద్దకుమార్తె పెండ్లి చేసెను. కొంత కాలమునకు రెండవ మూట పడెను, రెండవదాని పెండ్లి జరిగెను. మూడవసారి ఆ తండ్రి నిద్రపోక కాచుకొనియుండెను. మూట పడిన చప్పుడు వినగానే పరుగెత్తి ఆ యౌవనస్థుని పట్టుకొని, ఎవరో గుర్తించి కాళ్లమీద పడెను. నికొలాసు అతనిని లేవనెత్తి, తాను బ్రదికియున్నంత కాలము ఈ సంగతి ఎవరికిని చెప్పకూడదని మాట తీసికొనెను.

క్రిస్మసు తాత కానుకల ఆచారమునకు వేరు ఈ మూడు రాత్రుల కథలో ఉన్నది. నేడు మనము రంగు కాగితములలో చుట్టి ఇచ్చునవి పండుగ సంబరమునకు ఇచ్చునవి. ఆ మూడు మూటలు ముగ్గురు ఆడపిల్లల మానమును కాపాడుటకు పడినవి.

చెరసాల

తరువాత ఆయన మూరకు వచ్చెను. అక్కడి బిషప్పు మరణింపగా, మరుసటి ఉదయమున ఆలయములో మొదట అడుగుపెట్టువానినే ఆ పనికి నియమింపవలెనని ఆ ప్రాంతపు బిషప్పులు ప్రార్థనలో నిర్ణయించుకొనిరనియు, తెల్లవారక మునుపే ప్రార్థనకు వచ్చిన నికొలాసు వారి కంటబడెననియు చెప్పుదురు.

అది పదవులకు ఆశపడదగిన కాలము కాదు. 303లో రోమా చక్రవర్తియైన డయోక్లీషియను క్రైస్తవులమీద హింస మొదలుపెట్టెను. ఆలయములను కూలద్రోయవలెను, లేఖనములను కాల్చవలెను, సంఘ నాయకులను చెరలో వేయవలెను అని ఆజ్ఞలు వెలువడెను. నికొలాసుకూడ పట్టుబడి చెరసాలలో ఉండెనని సంఘ సంప్రదాయము. 313లో కాన్‌స్టంటైను, లిసీనియసు అను ఏలికలు క్రైస్తవులకు ఆరాధనా స్వాతంత్ర్యము ఇచ్చిరి. చెరనుండి వచ్చిన కాపరులు చిందరవందరయైన మందలను మరల కూర్చుకొనిరి.

325లో నీకయ పట్టణమున బిషప్పుల మహాసభ కూడెను. కుమారుడైన క్రీస్తు తండ్రితో సమానుడు కాడని బోధించిన అరియసు వాదమును ఆ సభ త్రోసివేసెను. ఆ సభకు వచ్చినవారి పట్టికలు కొన్నిటిలో నికొలాసు పేరున్నది, కొన్నిటిలో లేదు. ఆయన అక్కడ కోపము ఆపుకొనలేక చెంపదెబ్బ కొట్టెనను కథ దాదాపు వెయ్యేండ్ల తరువాత పుట్టినది. అది నమ్మదగినది కాదు.

గోధుమ ఓడలు

ఒక సంవత్సరము లుకియలో కరవు వచ్చెను. ఆ సమయముననే ఐగుప్తు గోధుమలతో కాన్‌స్టాంటినోపులునకు పోవు ఓడలు మూర రేవైన అంద్రియాకెలో ఆగెను. నికొలాసు రేవునకు పోయి, ఒక్కొక్క ఓడనుండి కొంత ధాన్యము తన జనులకు దింపుమని నావికులను బ్రతిమాలెను. నావికులు భయపడిరి. అది రాజు ధాన్యము, కొలిచి ఎక్కించినది, అక్కడ మరల కొలిచి దింపుకొందురు. తరుగు వచ్చినయెడల శిక్ష తప్పదు. ఆ పూచీ తనదని, దేవుడు వారికి నష్టము రానీయడని ఆయన చెప్పగా వారు నమ్మి దింపిరి. గమ్యము చేరి కొలిచినప్పుడు ధాన్యము తరుగలేదని కథ చెప్పుచున్నది. మూర జనులు ఆ ధాన్యముతో ప్రాణములు నిలుపుకొని, విత్తనములకుకూడ కొంత మిగుల్చుకొనిరట.

హాడ్రియను చక్రవర్తి కాలమున రెండవ శతాబ్దములో కట్టిన పెద్ద ధాన్యపు కొట్టు అంద్రియాకెలో ఇప్పటికిని నిలిచియున్నది. దానిని ఇప్పుడు వస్తు ప్రదర్శనశాలగా చేసిరి.

సముద్రము ప్రక్కన బ్రదుకు మనకు ఈ కథ దూరము కాదు. 1996 నవంబరు 6వ తేదీని వచ్చిన తుపాను మన కోనసీమను ఎట్లు పడగొట్టెనో పెద్దలెవరును మరువలేదు. అప్పుడు మేము బాలురము. పడిపోయిన కొబ్బరిచెట్ల నడుమ, తడిసిపోయిన ధాన్యము ముందర, రేపటి గింజ ఎక్కడనుండి వచ్చునని పెద్దలు కూర్చుండిన దినములు మాకు జ్ఞాపకమే. అట్టి దినమున కాపరి చేయవలసినది ఏమి? ప్రార్థన చేయవలెను. ప్రార్థన చేసి లేచి రేవునకుకూడ పోవలెను. నికొలాసు రెండును చేసెను.

ఖడ్గమునకు అడ్డుపడిన చేయి

నికొలాసును గూర్చిన కథలన్నిటిలోను మిక్కిలి పాతది ఇది. ఆయన ఊరిలో లేనప్పుడు యూస్తాతియసు అను అధికారి లంచము తీసికొని, ఏ పాపము ఎరుగని ముగ్గురు మనుష్యులకు మరణశిక్ష విధించెను. జనులు పరుగున వచ్చి నికొలాసునకు తెలిపిరి. ఆయన వధ్యస్థలమునకు చేరుసరికి ఆ ముగ్గురు మోకాళ్లమీద ఉండిరి, తలారి కత్తి ఎత్తియుండెను. ఆయన గుంపును చీల్చుకొనిపోయి తలారి చేతిలోని కత్తి లాగివేసి, ఆ ముగ్గురి కట్లు విప్పెను. పిమ్మట అధికారి ఇంటికి పోయి, అందరి యెదుటను అతని లంచమును బయటపెట్టెను. అధికారి తన తప్పు ఒప్పుకొనెను.

ఇక్కడ కొంచెము ఆగి ఆలోచింపవలెను. బంగారము ఇచ్చునప్పుడు ఈయన చీకటిలో వచ్చెను, ముఖము కనబడనీయలేదు, ఎవరికిని చెప్పవద్దని మాట తీసికొనెను. అన్యాయమును ఎదిరించునప్పుడు పట్టపగలు, ఊరందరి కన్నులయెదుట నిలువబడెను. ఇచ్చుటలో దాగినవాడు, నిలుచుటలో దాగలేదు. ఈయన జీవితమంతయు ఈ ఒక్క మాటలో ఇమిడియున్నదని మాకు తోచుచున్నది.

మరణము, ఆ తరువాత

సుమారు 343లో, డిసెంబరు 6వ తేదీని ఆయన మరణించెనని చెప్పుదురు. మూరలోనే ఆయనను పాతిపెట్టిరి. ఆ ఊరిని ఇప్పుడు దెమ్రె అందురు. 1087లో ఇటలీ దేశపు బారి పట్టణపు నావికులు ఆయన ఎముకలను తమ పట్టణమునకు తీసికొనిపోయిరి. అక్కడ ఆయన పేరిట పెద్ద ఆలయమున్నది.

ఆయన పేరు ఐరోపా అంతట వ్యాపించెను. హాలెండు దేశస్థులు ఆయనను సింటర్‌క్లాసు అనిరి. డిసెంబరు 5వ తేదీ రాత్రి అక్కడి పిల్లలు ఆయన కానుకలకు ఎదురుచూతురు. ఆ పేరే అమెరికాలో శాంటా క్లాజ్ అయ్యెను. 1823లో న్యూయార్కు రాష్ట్రపు పత్రికలో అచ్చుపడిన ఒక పద్యము ఆయనను దుప్పులు లాగు మంచుబండితో వర్ణించెను. 1863 మొదలుకొని థామస్ నాస్ట్ అను చిత్రకారుడు ఆయనకు బొద్దు శరీరము, పెద్ద గడ్డము గీసెను. 1931 మొదలుకొని ఒక శీతల పానీయపు ప్రకటనలు ఆ ఎర్ర అంగీ తాతను లోకమంతట ప్రసిద్ధి చేసెను. ఈ విధముగా చెరసాల చూచిన కాపరి చాక్లెట్ల తాతయయ్యెను. గడ్డము మిగిలెను, సంచి మిగిలెను. కత్తికి అడ్డుపడిన చేయి మాత్రము మరుగున పడెను.

మన సంగతి

ఇతరులను గూర్చి చెప్పుటకు ముందు మా తప్పు మేము ఒప్పుకొనవలెను. కొన్ని యేండ్ల క్రిందట క్రిస్మసు వారములో మా సంఘమున విధవరాండ్రకు చీరలు పంచితిమి. మైకులో ఒక్కొక్కరి పేరు పిలిచి, ముందుకు రప్పించి, ఇచ్చినవారి పేరుకూడ చదివి, ఫోటో తీయించితిమి. ఒక ముసలి తల్లి పేరు రెండుమారులు పిలిచినను రాలేదు. మరునాడు చీర తీసికొని ఆమె ఇంటికి పోతిమి. ఆమె మమ్మును చాపమీద కూర్చుండబెట్టి మజ్జిగ ఇచ్చి, పాత చీరతో పండుగ గడపగలనుగాని ఊరందరిలో బీదదానిగా నిలువబడలేనని మెల్లగా చెప్పెను. మాకు జవాబు తోచలేదు. మత్తయి 6వ అధ్యాయముమీద ఎన్నిసార్లో ప్రసంగము చేసియుంటిమి. అది మేము విననేలేదని ఆ చాపమీద తెలిసికొంటిమి. మరుసటి యేటినుండి స్త్రీల సమాజమువారు తెల్లవారక మునుపే ఆ ఇండ్ల అరుగులమీద మూటలు పెట్టి వచ్చుచున్నారు. పేర్లు లేవు, ఫోటోలు లేవు.

ఇది ఒక సగము. రెండవ సగము ఇంకను కష్టమైనది. ఆ ముగ్గురు ఆడపిల్లలను అంచువరకు నెట్టినది కట్నము. పదిహేడు వందల యేండ్లు గడచినను ఆ మాట మన ఇండ్లలో మాసిపోలేదు. 1961లో మన దేశమున వరకట్న నిషేధ చట్టము వచ్చెను. అయినను ఆడపిల్ల పెండ్లికని కొబ్బరితోట తాకట్టు పెట్టిన తండ్రులు, ఆ అప్పు తీర్చుటకు గల్ఫునకు పోయిన తల్లులు మన సంఘములలో లేరా? కట్నము పుచ్చుకొనినవారును ఆదివారము మన ప్రక్కనే కూర్చుండువారే. సంగతి తెలిసియుండియు మేము మౌనముగా నిలువబడి ఆశీర్వాదము పలికిన వివాహములు లేకపోలేదు. నికొలాసు పగటివేళ నిలువబడినచోట మేము చీకటిలో దాగితిమి. ఆయన చీకటిలో దాగినచోట మేము మైకు పట్టుకొంటిమి. దేవుడు మమ్మును క్షమించునుగాక.

కావున ఈ క్రిస్మసుకు మన సంఘములను రెండు సంగతులు బ్రతిమాలుకొనుచున్నాము. ఇచ్చునది ఎవరును ఎరుగకుండ ఇయ్యుడి. మీ కుమారుని పెండ్లి మాటలు జరుగునప్పుడు, కట్నము మాకు వద్దని పెద్దలందరి యెదుట, అందరును వినునట్లు చెప్పుడి. మొదటిదానికి కొంచెము ధనము చాలును, రెండవదానికి ధైర్యము కావలెను. ఈ రెండును ప్రభువే ఇయ్యవలెను. ఆయన ధనవంతుడైయుండియు మన నిమిత్తము దరిద్రుడై, రాత్రివేళ, ఊరెరుగని పశువుల తొట్టిలో మనకు ఇయ్యబడెను. అదే ప్రభువు పగటివేళ, అందరి కన్నులయెదుట, మనకొరకు సిలువమీద నిలిచెను. నికొలాసు ఈ రెండు పాఠములను ఆయనయొద్దనే నేర్చుకొనెను.

ఇక ఆ పిల్లవాని ప్రశ్న. టెలివిజను కథలో ఆ స్థానము అంగీ తొడిగినవానికి దొరకును, లేదా కుమారునికి చెందును. మూర పట్టణపు నికొలాసునకు పిల్లలున్నట్లు ఏ కథయు చెప్పదు, ఆయన అంగీ ఎవరికిని మిగులలేదు. ఆయన తరువాతివాడు ఎవరని అడిగినయెడల, ఏ రాత్రియైనను బీదవాని అరుగుమీద మూట పెట్టి చప్పుడు చేయక తిరిగి పోవువాడు, తెల్లవారిన తరువాత ఆ బీదవానికి అన్యాయము జరుగుచున్నచోట పారిపోక నిలుచువాడు అని చెప్పవలెను. ఆ పిల్లవానికి వచ్చే ఆదివారము ఈ జవాబు చెప్పెదము. వాడు తిరిగి, అయితే మన ఊరిలో అట్టివారు ఎవరని అడుగును. అప్పటికి మనమందరము ఏదైన సిద్ధపరచుకొందము.